బాపు చెవికి అందిన పాటలు

నేను ఎదురుగా కూర్చుని విన్న పెద్ద పాటగాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. షాహీర్ అమర్ షేక్ 1969లో పోయాడు, మహమ్మద్ రఫీ 1980లో, తమాషా విఠాబాయి 2002లో, బాలమురళీకృష్ణ 2016లో, ఒగ్గు కథ చుక్క సత్తయ్య 2017లో, మన బాలు 2020లో. గద్దర్ పోయిన వార్త 2023 ఆగస్టు 6న టీవీలో వచ్చింది. ఆ సాయంత్రం మా గల్లీ మూల మీద చాయ్ తాగుతూ నలుగురు ముసలోళ్లం కూర్చుని, ఎవరెవరిని ఎక్కడెక్కడ చూశామో వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాం. నా లెక్క అందరికన్నా పొడుగ్గా తేలింది. "నీకు సంగీతం వస్తదా ఏంది?" అని అడిగాడు మా దోస్తు ఒకాయన. నాకు సరిగమలు కూడా రావు. అంతా మా బాపు పుణ్యం. చిన్నప్పుడు ఆయన నన్ను వెంటబెట్టుకు తిరిగాడు, పెద్దయ్యాక నేను ఆయన్ని తిప్పాను. ఆ ముచ్చట రాయమని పత్రికవాళ్లు అడిగారు. రాయడానికి కూర్చున్నాక అనిపించింది, ఇందులో పాటలెంత ఉన్నాయో చెవులూ అంతే ఉన్నాయని.

బాపు 1938లో జనగామ పక్క ఊరి నుంచి బొంబాయి వచ్చాడు. అప్పుడాయనకు పద్దెనిమిదేళ్లు. ఊళ్లో మగ్గం నేసిన చేతులు. కామాటిపురలో మా చిన్నతాత ఖోలీలో దిగాడు. ఒక్క ఖోలీ, పదిమంది మగాళ్లు, పాళీల ప్రకారం నిద్ర. ఆ కథలు మీ ఇళ్లలోనూ ఉన్నవే, వదిలేస్తాను. జేకబ్ సర్కిల్ అవతల ఒక మిల్లులో బదిలీ కింద చేరి, తరవాత సాంచాల ఖాతాలో పర్మనెంట్ అయ్యాడు. మొదట రెండు సాంచాలు, పోను పోను నాలుగు.

సాంచాల ఖాతా లోపలికి పోయినవాళ్లకు నేను చెప్పేదేం లేదు. పోని పిల్లల కోసం చెప్తున్నాను. చేతి మగ్గం మీద నాడె మనిషి లాగితే కదులుతుంది, మనిషి ఆగితే ఆగుతుంది. ఆ చప్పుడులో నిద్రపోయిన పసిపిల్లలు ఉన్నారు. మిల్లు సాంచా మీద నాడెను కర్ర కొడుతుంది, నిమిషానికి 160, 180 సార్లు. అట్లాంటి సాంచాలు ఒక్క కప్పు కింద వందల కొద్దీ. అక్కడి మోత దాదాపు 100 డెసిబెల్స్ ఉంటుందని తరవాతెప్పుడో చదివాను. రోజుకు ఎనిమిది గంటల పనికి మన దేశంలో పెట్టిన హద్దు 90. తేడా పదే గదా అనిపిస్తుంది. కాని ఆ లెక్క మన తూకం రాళ్ల లెక్క కాదు. పది పెరిగితే మోత బలం పదింతలవుతుంది. బాపు దాంట్లో నలభై ఏళ్లకు పైగా నిలబడ్డాడు. దూదితో నడిచే మిల్లులో చెవుల్లో పెట్టుకోండని చిటికెడు దూది ఎవరూ ఇవ్వలేదు.

ఆ ఖాతాలో ఎవరూ గొంతుతో మాట్లాడరు. పెదవులతో మాట్లాడతారు. నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క మాటను పెదవుల మీద దిద్ది, మిగిలింది చేతులతో చెప్తారు. నాలుగు సాంచాల అవతల ఉన్నవాడు కూడా అర్థం చేసుకుంటాడు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల నేతగత్తెలకూ ఇదే అలవాటు ఉండేదట. సముద్రాల అవతల కూడా సాంచా మనుషులకు ఒకటే భాష నేర్పిందన్న మాట. బాపు ఇంటికొచ్చాక కూడా ఒక్కోసారి మరిచిపోయి శబ్దం లేకుండా పెదవులే ఆడించేవాడు. "ఇది మిల్లు కాదు, జర నోరుతోని చెప్పు" అని అవ్వ కసిరేది. మాకు నవ్వొచ్చేది.

నాకు బాగా గుర్తున్న మొదటి పాట అమర్ షేక్‌ది. 1957, ఎన్నికల ముందర. నాకు తొమ్మిదేళ్లు. అప్పటికి మన ఊళ్ల దిక్కు ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగు నెలలు కూడా కాలేదు. ఇక్కడ సంయుక్త మహారాష్ట్ర కోసం గొడవ నడుస్తోంది. ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. మనం తెలుగువాళ్లం, మనకెందుకు అని మా చాల్‌లో కొందరన్నారు. బాపు మాత్రం యూనియన్ మనిషి. మొదటి పాళీ మూడున్నరకు విడిచాక ఇంటికొచ్చి, స్నానం చేసి, నన్ను తీసుకుని భాయ్‌ఖళా దాకా నడిచి ట్రామ్ ఎక్కాడు. పరేల్‌లో నరే పార్క్. డాంగే మాట్లాడతాడని జనం. ఆ ఎన్నికల్లోనే డాంగే బొంబాయి నుంచి పార్లమెంటుకు గెలిచాడు. కాని సగం మంది వచ్చింది డాంగే కోసం కాదు. ఉపన్యాసానికి ముందు పాడే షాహీర్ కోసం.

బాపు జనంలోంచి తోసుకుంటూ పోయి వేదికకు ఎడమ పక్కన, పాటగాడి ముఖం కనపడే చోట నిలబడ్డాడు. నన్ను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. అమర్ షేక్ బలమైన మనిషి. చేతిలో డఫ్. వెనక తుంతుణె, ఢోల్కీ, "జీ జీ" అని అందుకునే ఇద్దరు. మైకు ఉంది గాని ఆయనకు దాంతో పనిలేదు. నోరు తెరిస్తే ఆ గొంతు నా కాళ్లకు తాకింది. బాపు ఛాతీ మీద నా మడమలు ఆనుకుని ఉన్నాయి, ఆ ఛాతీ అదురుతోంది. పాట మరాఠీలో, మాకు సగమే అర్థం. నేను కిందికి చూస్తే బాపు పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. ముందే వచ్చిన పాట కాదు అది. ఎదుటి మనిషి పెదవులు చూసి, మాట మాట ఎత్తుకుంటున్నాడు. తిరుగు దారిలో ట్రామ్‌లో చెప్పాడు: "వీడు పాడితే ఒక్క మాట పోదురా. అన్నీ అందుతయి."

అమర్ షేక్ అసలు పేరు మెహబూబ్ హుస్సేన్ పటేల్. సోలాపూర్ జిల్లా బార్శీ మనిషి, తనూ మిల్లులో పనిచేసి యూనియన్‌లోకి వచ్చినవాడే. తల్లి తిరగలి దగ్గర పాడే ఓవీలు విని పాట నేర్చుకున్నాడంటారు. మన అవ్వలు విసుర్రాయి పాటలు పాడినట్టే. అణ్ణా భావూ సాఠే, గవాణ్కర్‌లతో కలిసి లాల్ బావ్టా కళాపథక్‌లో పాడాడు. గిరణ్‌గావ్‌లో ఈ ముగ్గురి పేర్లు తెలియని ఇల్లు ఉండేది కాదు. 1969 వానాకాలం చెడ్డది. జూన్ 13న ఆచార్య అత్రే, జూలై 18న అణ్ణా భావూ, ఆగస్టు 29న అమర్ షేక్ రోడ్డు ప్రమాదంలో. మూడు నెలలు తిరగకుండా ముగ్గురు. బాపు ఆ రోజు రెండో పాళీకి పోలేదు. ఆయన ఖాడా చేయడం అదే మొదటిసారి చూశాను. తన తండ్రి చచ్చిపోయినప్పుడు కూడా తంతి ఆలస్యంగా వచ్చిందని పాళీ పూర్తి చేసే వచ్చిన మనిషి.

ఇక లాల్‌బాగ్ హనుమాన్ థియేటర్ ముచ్చట. ఇది అవ్వకు తెలియకుండా జరిగింది. ఇప్పుడామె లేదు కాబట్టి రాస్తున్నాను. 1967 అనుకుంటాను. నేను ఫోల్డింగ్ ఖాతాలో బదిలీగా కొత్తగా చేరాను. పగారం రోజు మా మేనమామ బాపునూ నన్నూ తమాషాకు తీసుకుపోయాడు. విఠాబాయి నారాయణ్‌గావ్‌కర్ వచ్చిందని. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని లావణి చూడటం ఎట్లాంటి ఇరకాటమో మీరే ఊహించుకోండి. మామను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం.

విఠాబాయి గురించి మరాఠీవాళ్లందరూ చెప్పుకునే కథ ఒకటి ఉంది. నిండు నెలలతో ఆడుతూ, ఆట మధ్యలో తెర వెనక్కి పోయి బిడ్డను కని, రాయితో బొడ్డు కోసి, మళ్లీ వచ్చి ఆడిందని. ఆ రోజు ఆమెను చూసినవాడిగా నాకు ఆ కథ మీద అనుమానం లేదు. ఆ మనిషిలో అంత పట్టు కనిపించింది. రాష్ట్రపతి చేతి బహుమానం అందుకున్న ఆమె చివరి రోజుల్లో దవాఖానా ఖర్చులకు దాతల మీద ఆధారపడిందని పేపర్లో చదివినప్పుడు బాధపడ్డాం. 2002 జనవరిలో పోయింది.

సరే, ఆ రాత్రికి వస్తాను. ఢోల్కీ మొదలైంది. విఠాబాయి వచ్చి వేదిక మధ్యన నిలబడి, ఒక్క కాలు మాత్రం ఆడించింది. శేర్ల కొద్దీ గజ్జెలు. హాలంతా ఆ గలగల. ఈలలు, టోపీలు గాల్లోకి. అప్పుడు బాపు మామ మీదుగా నా వైపు వంగి అడిగాడు: "ఈమె గజ్జెలు కట్టలేదా?"

నేను నవ్వాను, తమాషాకు అన్నాడనుకుని. ఆయన ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది. నిజంగానే అడిగాడు. ఢోల్కీ వినపడుతోంది, విఠాబాయి గొంతు పోతూ వస్తూ ఉంది, గజ్జెలు మాత్రం లేవు. అప్పుడాయనకు నలభై ఏడు.

ఎందుకట్లా అయిందో చాన్నాళ్ల తరవాత ఒక చెవుల డాక్టరు కాగితం మీద గీత గీసి చెప్పాడు. మోత వల్ల వచ్చే చెవుడు ఒక్కసారి తలుపు వేసినట్టు రాదు. సన్నటి, ఎత్తయిన శబ్దాలు ముందు పోతాయి. గజ్జెలు, తాళాలు, పిట్టల కూత, చిన్నపిల్లల గొంతు. మాటల్లో స, శ, త, క లాంటివి పోతాయి. మోటు శబ్దాలు, డోలు, డప్పు, మగ గొంతులోని బరువు చివరిదాకా ఉంటాయి. అందుకే అట్లాంటి మనిషి "వినపడుతోంది గాని అర్థం కావట్లేదు" అంటాడు. పక్కవాళ్లు ఆయన ధ్యాస పెట్టడం లేదనుకుంటారు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నటి కణాలుంటాయట, అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మందు లేదు. దానికి తోడు రాత్రిళ్లు చెవిలో ఒకటే కూత. "మిల్లు బందైనా నా చెవిలో భోంగా బందు కాదు" అనేవాడు బాపు.

దాంతో ఆయన తిరుగుడు ఎందుకో నాకు అర్థమైంది. రేడియో ఆయనకు మూగది. అందులో పెదవులు లేవు. సినిమా పాటలో పెదవులున్నా అవి పాడినవాడివి కావు. పాడే మనిషిని ఎదురుగా చూస్తేనే ఆయనకు పాట. అవ్వ ఘంటసాల పాట వస్తే పొయ్యి మీద కూర మాడినా లేచేది కాదు. బాపు ఆమె ముఖం చూసి, "ఆయన పాడుతున్నడా?" అని నన్నడిగేవాడు. ఘంటసాలను మేమెవరం ఎదురుగా చూడలేదు. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు అవ్వ ఏడుస్తుంటే బాపు పక్కనే కూర్చున్నాడు, ఏమీ అనకుండా.

1972 ఎండాకాలం ఊరికి పోయాం. మా చిన్నాయన ఇంట్లో మల్లన్న పట్నం వేయించారు, కథకు చుక్క సత్తయ్య వచ్చాడు. మాణిక్యాపురం ఆయనది, మా దిక్కే. అప్పటికే రేడియోలో పేరు. ఒగ్గు కథ చూడని బొంబాయి పిల్లలకు ఒక మాట. ఇందులో కథ చెప్పేవాడు చెప్తూ చెప్తూనే కథలోని మనిషైపోతాడు. సత్తయ్య భుజం మీది కండువా నెత్తిన కప్పుకుంటే ఆడమనిషి. తీసి నడుముకు చుడితే మల్లన్న. ముఖానికి పసుపు బండారి, చుట్టూ పెద్ద డోళ్లు. తెల్లారేదాకా నడిచింది. డోలు దెబ్బ నేలలోంచి వచ్చి కూర్చున్నవాళ్ల పిర్రలకు తగిలేది. బాపు చెప్పులు విడిచి, అరికాళ్లు నేలకు ఆనించి కూర్చున్నాడు. నవ్వాల్సిన చోట నవ్వాడు, ఏడ్వాల్సిన చోట కళ్లు తుడుచుకున్నాడు. తెల్లారి నాతో అన్నాడు: "ముప్పై ఏండ్ల కింద ఇన్నట్టే ఉన్నదిరా. ఏం పోలే." తాళాలు పోయాయని నేను చెప్పలేదు.

ఒకటి మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ మాట్లాడలేకపోయాం. అవ్వ పాట. బతుకమ్మకు మా చాల్ ముందర ఆడవాళ్లు ఆడేటప్పుడు ఎత్తుకునేది అవ్వే. సన్నటి, ఎత్తయిన గొంతు. గ్యాలరీల్లోంచి మూడు అంతస్తుల మగాళ్లు కిందికి చూస్తూ నిలబడేవాళ్లు. బాపు కూడా నిలబడేవాడు, కటకటాలు పట్టుకుని. ఆమె పాట ఆయన చెవిలోంచి ఏ ఏడు పోయిందో ఎవరికీ తెలియదు. చప్పట్లు వినపడేవి, వాటి లెక్కన తల ఊపేవాడు. ఆయనకు వినపడట్లేదని అవ్వకు తెలుసు. ఆడేటప్పుడు గుండ్రంగా తిరుగుతూ మా గ్యాలరీ కిందికి వచ్చినప్పుడల్లా తల పైకెత్తి, నోరు ఇంత తెరిచి పాడేది. మేం చిన్నప్పుడు దాన్ని వయ్యారమనుకున్నాం.

బాలమురళి గారి కచేరీకి నేనే తీసుకుపోయాను. 1976లో, సయన్‌లో షణ్ముఖానంద హాల్. మిల్లు ఆఫీసులో పనిచేసే ఒక తమిళాయన రెండు పాసులిచ్చాడు. మూడువేల మంది పట్టే హాలు, మాకు పై బాల్కనీ. అక్కడినుంచి పాడేవాళ్లు తిరునాళ్లలో మట్టి బొమ్మలంత కనపడ్డారు. మన గోదావరి జిల్లా మనిషి, ఎనిమిదేళ్ల వయసులోనే నిండు కచేరీ చేసినవాడు, ఇంత పెద్ద హాల్లో అరవవాళ్లందరి చేతా చప్పట్లు కొట్టించుకుంటున్నాడని నా ఛాతీ ఉబ్బిపోయింది. ఆ గొంతు పట్టు మీద నీళ్లు జారినట్టు. కాని బాలమురళి ఒళ్లు కదలకుండా పాడే మనిషి. చిరునవ్వు, అంతే. బాపుకు పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అరగంట అయ్యాక నా మోకాలు తట్టి అన్నాడు: "నువ్వు ఇను, నేను చూస్త." ఆ తరవాత రెండు గంటలు మృదంగం వాయించే ఆయన చేతుల మీద నుంచి కళ్లు తిప్పలేదు. మృదంగం ఎడమ మూత దెబ్బ ఆ బాల్కనీ దాకా వచ్చింది. తని ఆవర్తనం అయ్యాక హాల్లో అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మా బాపే.

దానికి ఎదురు భీమ్‌సేన్ జోషి. ఆయన్ని ఒక గణపతి ఉత్సవంలో చూశాం. రెండు చేతులతో గాలిని మెలిపెట్టి, స్వరం ఎక్కడో నేలలో ఉన్నట్టు పెరికి తీసి, తల విసిరి పాడతాడు. బాపుకు ఎంతో నచ్చాడు. "ఈయన పాట కండ్లకు కూడా ఇనవడ్తది" అన్నాడు. ఈ ఇద్దరూ కలిసి జుగల్‌బందీలు కూడా పాడారు. నేను అవి వినలేదు.

రఫీ సాబ్ గురించి పేజీలు రాయొచ్చు గాని, నేను ఆయన్ని ఒక్కసారే, అదీ వెనక వరసలోంచి చూశాను. 1944లో బొంబాయి వచ్చిన కొత్తల్లో ఆయన భేండీ బజార్‌లో పదడుగుల ఖోలీలో ఉన్నాడు. మన గల్లీ నుంచి నడిచి పోయేంత దూరం. 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కు తెలుగులో పాడినప్పుడు మా చాల్‌లో అందరం మా మొహల్లా మనిషే అన్నట్టు చెప్పుకున్నాం. 1980 జూలై 31న పోయాడు. మర్నాడు కుండపోత వాన, జుహూ దాకా జనం. నేను పోయాను. బాపు రానన్నాడు, ఆయన పాట తనకెప్పుడూ అందలేదని.

1982 జనవరి 18 నుంచి ఏమైందో మీ అందరికీ తెలుసు. రెండున్నర లక్షల మంది బయటపడ్డారు. నేను వాళ్లలో ఒకణ్ణి. నన్ను మళ్లీ తీసుకోలేదు. బాపు అప్పటికే రిటైరై ఉన్నాడు. అవ్వను తీసుకుని ఊరికి పోయాడు, ఒక నోరన్నా తగ్గుతుందని. నేను ఇక్కడే ఉండి రాత్రి వాచ్‌మన్ పని పట్టుకున్నాను.

1990 ఫిబ్రవరిలో చుట్టాల పెళ్లికని హైదరాబాద్ పోయాను, బాపు ఊరి నుంచి వచ్చాడు. ఆ వారమే గద్దర్ నాలుగైదేళ్ల అజ్ఞాతం తరవాత బయటికి వచ్చాడు. నిజాం కాలేజీ మైదానంలో సభ. పెళ్లివారింటి నుంచి పిల్లలంతా పోతుంటే బాపు కూడా చెప్పులేసుకున్నాడు. డెబ్బై ఏళ్లు. వద్దంటే వినలేదు, వినపడలేదని ఊరుకున్నాడు.

అంత జనాన్ని నేను మళ్లీ చూడలేదు. లక్షల్లో. చెట్ల మీద, గోడల మీద మనుషులు. ముందుకు పోవడం మాటే లేదు. వేదిక మీద మనిషి అగ్గిపుల్లంత. పెదవులు ఎక్కడ కనపడతాయి? మైకుల్లోంచి వచ్చే గొంతు బాపుకు ఉత్త మోత. నేను ఆయన్ని తెచ్చి తప్పు చోట నిలబెట్టానేమో అని చూస్తున్నాను. డప్పులు మొదలయ్యాయి. బాపు మెడ లేచింది. గద్దర్ గొంగడి విసిరి, చేతిలో కర్ర ఎత్తి, ఒక్క ఎగురు ఎగిరాడు. అంత దూరం నుంచి కూడా ఆ ఎగురుడు అందింది.

బాపు నా చెయ్యి పట్టుకుని అడిగాడు: "గజ్జెలు కట్టిండా?"

"కట్టిండు బాపూ" అన్నాను, ముఖం ఎదురుగా పెట్టి, పెదవులు పెద్దగా తెరిచి.

"మోగుతున్నయా?"

"మోగుతున్నయి."

ఆయన తల ఊపాడు. చుట్టూ పిల్లలు పాట అందుకున్నారు. దగ్గర్లో ఒక పడుచు పిల్లగాడు పూర్తిగా నోరు తెరిచి పాడుతున్నాడు. బాపు వేదిక వైపు చూడటం మానేసి ఆ పిల్లగాడి నోటివైపు తిరిగాడు. నేను చూస్తుండగానే పెదవులు కదలడం మొదలుపెట్టాయి. 1957లో నరే పార్క్‌లో ఎట్లా ఎత్తుకున్నాడో అట్లా. రాత్రి పదకొండు దాకా అక్కడే ఉన్నాం. ఆ పిల్లగాడు ఎవరో మాకు తెలియదు, ఒక ముసలాయన తన నోట్లోంచి గద్దర్‌ను విన్నాడని వాడికీ తెలియదు.

బాపు 1992లో పోయాడు. పని మోత వల్ల వచ్చిన చెవుడుకు పరిహారం ఇవ్వాలని మన చట్టంలో 1948 నుంచే ఉంది. మొదటి మనిషికి ఆ డబ్బు అందింది 1996లో. మధ్యలో నలభై ఎనిమిదేళ్లు. ఆ నలభై ఎనిమిదేళ్లలో సాంచాల ఖాతాల్లో చెవులు పోగొట్టుకున్నవాళ్లు మన చాళ్లలో ఇంటికొకరు. మేం దాన్ని జబ్బు అనుకోలేదు. పెద్దతనం అనుకున్నాం, పరధ్యానం అనుకున్నాం, మొండితనం అనుకున్నాం. మీ ఇళ్లలో తాతల ముచ్చట వస్తే "ఆయన ఎవరి మాటా ఇనకపోవు" అంటుంటారు గదా. ఏ ఖాతాలో పనిచేశాడో ఒకసారి అడగండి.

తరవాత చూసినవాళ్లను నేను ఒక్కణ్ణే చూశాను. నాయ్‌గావ్‌లో పుట్టిన షాహీర్ విఠల్ ఉమప్‌ను ఒక ఏప్రిల్ 14న, బీడీడీ చాళ్ల ముందర. డెబ్బై దాటినా ఆ గొంతులో ఊపు తగ్గలేదు. 2010 నవంబర్‌లో నాగపూర్ దీక్షాభూమిలో పాడుతూ వేదిక మీదే కూలిపోయాడు. బాలును షణ్ముఖానందలో, 1990లో కాలిపోయిన ఆ హాలు బాగుచేశాక. పాటకూ పాటకూ మధ్య వాద్యాలవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టించాడు. అది నాకు పాటకన్నా ఎక్కువ నచ్చింది. హనుమాన్ థియేటర్ ఇప్పుడు పెళ్లిళ్ల హాలు.

ఇంతదాకా పేపర్లో పేరు పడినవాళ్ల గురించే రాశాను. ఒక్కాయన మిగిలాడు. 1955, 56లో మా గల్లీ భజన మండలిలో మృదంగం వాయించే ముసలాయన. మృదంగం తాత అనేవాళ్లం. ఆయనా సాంచాల ఖాతాయే, బాపుకన్నా పదిహేనేళ్లు పెద్ద. శనివారం రాత్రి హార్మోనియం పక్కన కూర్చుని, కుడి మూత మీద వేలితో తడుతూ, చిన్న రాయితో అంచు కొడుతూ శ్రుతి చేసేవాడు. చేసేటప్పుడు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. హార్మోనియం ఆయన మెట్టు నొక్కితే, తాత మూత మీద తట్టి నా ముఖం చూసేవాడు. కలవకపోతే నేను తల అడ్డంగా ఊపాలి. కలిస్తే నిలువుగా. అది నాకిచ్చిన గౌరవం అనుకున్నాను. చేతిలో ఒక పుట్నాల పొట్లం పెట్టేవాడు. తరవాత భజన మొదలైతే తెల్లారగట్ల దాకా ఒక్క దెబ్బ తప్పేది కాదు, హార్మోనియం ఆయన చేతులు చూస్తూ వాయించేవాడు.

ఆయన ఖోలీ పదకొండో గల్లీలో, నల్లా పక్కన. ఊరు నల్లగొండ దిక్కు అని గుర్తు. అసలు పేరు, ఇంటిపేరు తెలిసిన కుటుంబాలు ఎక్కడున్నా, వర్లీలో ఉన్నా భివండీలో ఉన్నా, పత్రిక అడ్రసుకు ఒక కార్డు ముక్క రాయండి. వచ్చే సంచికలో వేయిస్తాను.